కరక్కాయ బుగ్గన పెట్టుకుని తీసిన ఫోటో

రీలుకు ముప్పై ఆరు బొమ్మలు మాత్రమే పడే కాలంలో పని నేర్చుకున్నవాణ్ణి నేను. ముప్పై ఏడోది పడితే అది దేవుడిచ్చింది, ముప్పై ఐదుకే ఆగిపోతే రీలు ఎక్కించినవాడి తప్పు. ఆ రోజుల్లో బటన్ నొక్కే ముందు మనిషి ఒక్క క్షణమైనా ఆలోచించేవాడు. ఈ మాట ఇప్పుడంటే మా మనుమరాలు నన్ను జాలిగా చూస్తుంది. ఆ పిల్ల సూర్యాపేటలోనే బ్యాంకులో కొలువు చేస్తుంది, ఈ మధ్యే పెద్ద కెమెరా కొన్నది. పోయిన నెల మా పెరటి గోడ మీద కూర్చున్న ఉడుతను, ఒకే ఒక్క ఉడుతను, నాలుగు వందల ఫోటోలు తీసింది. తీసి, ఒక్కటీ బాగా రాలేదని దిగులుపడి, అడవి జంతువులను మంచిగా ఫోటో తీయడం ఎట్లాగో నేర్పే వీడియోలు ఫోనులో చూడడం మొదలుపెట్టింది. అందులో ఒక పిల్లగాడు (ముఖం మీద గడ్డం ఉంది గాని గొంతు ఇంకా ముదరలేదు) వేళ్ళు మడిచి లెక్కబెడుతున్నాడు. తెల్ల బట్టలు వేసుకోకూడదట. కెమెరాను జంతువు కంటి ఎత్తుకు దించాలట. జీపు అంచున గింజల సంచి వేసి దాని మీద లెన్సు ఆనించాలట. అన్నిటికన్నా ముందు నోరు మూసుకోవాలట. ఇదంతా తానే నిన్న రాత్రి కనిపెట్టినట్టు చెబుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ నాలుగు సంగతులూ నేను వాడి తండ్రి పుట్టకముందే నేర్చుకున్నాను. ఒక రీలు మొత్తం తగలేసి, ఒక కుర్చీ పోగొట్టుకునే దాకా వచ్చి నేర్చుకున్నాను. నాకు నేర్పినవాళ్ళు ఏ వీడియోలోనూ లేరు. వాళ్ళ గురించి ఎవరో ఒకరు చెప్పాలి కదా అని ఇది రాయడానికి కూర్చున్నాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మిర్యాలగూడలో ఒక ఫోటో స్టూడియోలో పని. బడి చదువు ఏడో తరగతితోనే అయిపోయింది. తర్వాతి చదువంతా నాకు నేనే చెప్పుకున్నది. ఫిల్ము డబ్బాల మీది అచ్చు, పొట్లాలు కట్టిన పాత పేపర్లు, బొమ్మలు కడిగే మందు నీళ్ళ సీసాల మీది కాగితాలు, ఏది దొరికితే అది చదివాను. (అందుకే ఇప్పటికీ ఎవరైనా డిగ్రీ పేరు చెప్పి నాకు పాఠం మొదలుపెడితే చిర్రెత్తుకొస్తుంది.) స్టూడియో యజమానిని ఊరంతా ఉస్తాద్ అనేది. ఉస్తాద్‌కు ఉన్నది ఒకటే సూత్రం. మనిషి కన్ను మూస్తే బొమ్మ పాడు, బొమ్మ పాడైతే రీలులో ముప్పై ఆరో వంతు పాడు. కాబట్టి పెళ్ళి పందిట్లో బటన్ నొక్కే ముందు మూడు మాటలు, బ్యాండు మోతను మించి వినబడేటట్టు, అని తీరాలి. "కదలొద్దు... ఇటు సూడుర్రి... రెడీ." ఆ మూడో మాట మీద వేలు దిగాలి. ఏడాది పాటు నా చేతికి ఖాళీ కెమెరా ఇచ్చి ఇదే సాధన చేయించాడు. గోడకు చెప్పాను, తలుపుకు చెప్పాను, స్టూడియో మెట్ల మీద పడుకునే కుక్కకు చెప్పాను (అది మొదట్లో లేచి పోయేది, తర్వాత అలవాటుపడింది). చివరికి నా నోటినీ నా చూపుడు వేలినీ ఒకే తీగకు కట్టినట్టు అయిపోయింది. నోరు 'రెడీ' అననిదే వేలు దిగదు. ఉస్తాద్ అది చూసి మురిసిపోయాడు, నేనూ మురిసిపోయాను. నేను అడవికి పోవలసి వస్తుందని ఇద్దరికీ అప్పటికి తెలియదు.

మిర్యాలగూడలో మిల్లులకు కొదవ లేదు. అందులో ఒక మిల్లు సేటు తన బియ్యానికి పులి మార్కు అని పేరు పెట్టుకున్నాడు. సంచుల మీద పులి బొమ్మ వేయించాడు. వేసిన పెయింటరు ఎన్నడూ పులిని చూసినవాడు కాదు, వాళ్ళింట్లో పిల్లిని మాత్రం రోజూ చూసేవాడు. ఫలితంగా కోదాడ దుకాణాల్లో ఆ బియ్యాన్ని 'పిల్లి బియ్యం' అని అడగడం మొదలైంది. సేటుకు అది పెద్ద అవమానం. నిజమైన పులిని ఫోటో తీయించి, దాన్ని క్యాలెండరు మీదా సంచుల మీదా అచ్చువేయిస్తానని పట్టుబట్టి ఉస్తాద్ దగ్గరికి వచ్చాడు. తెలిసిన ఆఫీసరును పట్టుకుని నల్లమలలో తిరగడానికి మూడు రోజుల పర్మిషను కూడా తెచ్చాడు. ఉస్తాద్‌కు మోకాళ్ళ నొప్పులు, జీపు ఎక్కలేడు. సరిగ్గా ఆ నెలలోనే ఆయన సూర్యాపేటలో రెండో స్టూడియో తెరవబోతున్నాడు. అక్కడ కుర్చీలో కూర్చునేది నేనా, లేక మా దగ్గర నెగెటివ్‌లకు మెరుగులు దిద్దే టచింగ్ అన్ననా అన్నది ఇంకా తేలలేదు. ఉస్తాద్ నన్ను పిలిచి ఒకటే మాట చెప్పాడు. "పులిని పట్టుకరా, సూర్యాపేట కుర్చీ నీది. తేకుంటే టచింగోడు పోతడు, నువ్వు గీడనే బొమ్మలు కడుక్కుంట ఉండు."

చదివేవారికి ఇది చిన్న విషయంగా కనబడవచ్చు. నేను అప్పటికి ఐదేళ్ళుగా చీకటి గదిలో ఎర్ర దీపం కింద బొమ్మలు కడుగుతున్నాను. గోళ్ళు గోధుమ రంగుకు తిరిగాయి. అన్నం ముద్దలో కూడా మందు నీళ్ళ వాసనే. పెళ్ళిళ్ళకు పోయినా ఉస్తాద్ వెనక లైటు పట్టుకోవడం, ఆయన చెయ్యి నొచ్చినప్పుడు నాలుగు బొమ్మలు తీయడం, అంతే. సూర్యాపేట కుర్చీ అంటే నాకు పగటి వెలుతురు. అందుకే పులి అనగానే భయం వేయలేదు. టచింగ్ అన్న మాత్రం నా భుజం తట్టి, పులి నన్ను తినేస్తే నా పాస్‌పోర్టు ఫోటోకు దండ వేసేటప్పుడు మొటిమలు లేకుండా దిద్దుతానని మాటిచ్చాడు.

జీపు మా బావది. మా అక్కను కోదాడ ఇచ్చాము. బావ జీపు కిరాయికి తిప్పేవాడు. ఆ ఊరి గాలికి ఆయన మాట సగం కృష్ణ అవతలి మాటలా ఉండేది. అక్క పండుగ కాకపోయినా తమ్ముడు అడవికి పోతున్నాడని ఒక డబ్బా నిండా సకినాలు చేసి పంపింది. సేటు హైదరాబాదు నుంచి ఒక పొడుగు లెన్సు కిరాయికి తెప్పించాడు, అడవిలో సాయం చేసేవాళ్ళకు ఇవ్వమని ఐదు చిన్న బియ్యం సంచులు (పిల్లి బొమ్మతో సహా) జీపులో వేయించాడు. దేవరకొండ దాటాక బావ ఉన్నట్టుండి జీపు పక్కకు ఆపి, చాలా గంభీరంగా నా వైపు తిరిగాడు.

"బామ్మర్దీ, ఒక ముక్క ముందే అనుకుందాం. పులి ఎదురొస్తే నేను ఆపాలా, తిప్పుకుని పోవాలా?"

"ఆపాలె బావా. దానికోసమే కదా పోతున్నం."

"సరే. మరి మీ అక్కకి నువ్వే సమాధానం చెప్పుకో," అని మళ్ళీ గేరు వేశాడు.

అడవి దగ్గర ఫారెస్టువాళ్ళు మాకు తోడిచ్చిన వాచరును అందరూ పెద్దాయన అనేవారు. ఎండకు వెలిసిపోయిన ఖాకీ చొక్కా, మోకాళ్ళ దాకా పంచె, చేతిలో చిన్న కర్ర. నేను జీపులోంచి దిగాను. తెల్ల టెరికాటన్ చొక్కా, తెల్ల ప్యాంటు, తలకు మల్లె వాసన నూనె, ముఖాన స్నో, దాని మీద పౌడరు. పెళ్ళికి పోయే ఫోటోగ్రాఫరు అట్లాగే ఉండాలని ఉస్తాద్ నేర్పాడు, నాకు తెలిసిన పని అదొక్కటే కాబట్టి ఇక్కడికీ అట్లాగే వచ్చాను. పెద్దాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు, గాలి పీల్చాడు, జీపు లోపలికి తొంగిచూశాడు. తర్వాత బావను అడిగాడు, "పెండ్లి పిల్ల ఏది?" బావ స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు. పెద్దాయన నాకు తన గొంగడి ఇచ్చి కప్పుకోమన్నాడు. నేను వద్దన్నాను. చొక్కా నలుగుతుందన్నాను. (ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.)

మొదటి రోజు పొద్దున్నే చుక్కల దుప్పుల మంద కనబడింది. ఎంత దగ్గరంటే వాటి చెవుల మీద ఈగలు కూడా కనబడుతున్నాయి. లెన్సు ఎత్తాను, ఒకటి ఎక్కడ తల తిప్పుకుంటుందోనని ఉస్తాద్ నేర్పిన గొంతుతో మూడు మాటలూ అన్నాను. 'రెడీ' అనేసరికి ఎదురుగా గడ్డి తప్ప ఏమీ లేదు. వేలు మాత్రం తన పని తాను చేసింది. ఒక బొమ్మ పోయింది. బావ నెమ్మదిగా, ఇంకొంచెం మెల్లగా అనమని సలహా ఇచ్చాడు. నెమలి కనబడితే మెల్లగా అన్నాను, అది ఎగిరిపోయింది. అడవి పందికి గుసగుసగా అన్నాను, అది మా జీపు మీదికే వచ్చినంత పని చేసి పక్కకు పోయింది. అసలు అనకుండా తీద్దామని పళ్ళు బిగబట్టాను. వేలు దిగలేదు. ఎంత నొక్కుదామన్నా దిగలేదు. ఒట్టు. ఎదురుగా పెద్ద కొమ్ముల కణుజు నిలబడి ఉంది, నా వేలు బటన్ మీద ఉంది, మధ్యలో ఏ అడ్డూ లేదు, అయినా చెమటలు కారుతున్నాయి గాని బొమ్మ పడడం లేదు. చివరికి నోరు తెరిచి 'రెడీ' అన్నాను, వేలు టక్కున దిగింది, కణుజు అప్పటికే వాగు అవతల ఉంది. కనబడ్డ ప్రతిదానికీ ఇదే వరుస, రీలు కరిగిపోతూనే ఉంది. కొండముచ్చు ఒక్కటే కదలకుండా ఇటు చూసింది. చూసి, నేను 'రెడీ' అనేలోపే సకినాల డబ్బా మూత తీసుకుని పోయింది. డబ్బా మిగిలింది గాని ఆ నిశ్శబ్దంలో సకినం కొరికితే కొమ్మ విరిగినట్టు వినబడుతుందని పెద్దాయన దాన్ని సీటు కిందికి తోయించాడు. ఆ రెండు రోజులూ బావకు అసలు బాధ అదే.

రెండో రోజు పదిగంటల వేళ పెద్దాయన చెయ్యి ఎత్తాడు. బావ జీపు ఆపాడు. దూరంగా కోతి ఒకటి కొమ్మ మీదినుంచి ఆగకుండా అరుస్తున్నది. దారికి అడ్డంగా, ఎవరి ఇంటి వాకిట్లోనో నడుస్తున్నట్టు తీరిగ్గా, పులి వచ్చింది. అది ఎట్లా ఉందో నేను వర్ణించను, ఎందుకంటే నేను చూసింది లెన్సులోంచి అరక్షణం. నా చేతుల్లో పొడుగు లెన్సు గాలికి ఊగే కొమ్మలా ఊగింది. ఎక్కువ చెప్పను. "కదలొద్దు," అన్నాను. "ఇటు సూడుర్రి," అన్నాను. "రెడీ," అన్నాను. బొమ్మలో పడింది తోక చివర నాలుగు అంగుళాలు, అదీ వణికి రెండు తోకల్లా.

తర్వాత బావ మెల్లగా అన్నాడు, "పులికి కూడా రండి పొండి అన్నావు చూడు, అదే నాకు నచ్చింది."

ఇంకోరోజైతే నేనూ నవ్వేవాణ్ణి. ఆరోజు కెమెరా పైన అంకె చూశాను. ముప్పై ఐదు. మిగిలింది ఒక్కటి. సేటు ఇచ్చింది ఒకటే రీలు. అప్పటి రంగు రీలు అంటే ఇప్పటి పిల్లలకు అర్థం కాదు, అది మా ఊళ్ళో దొరికేది కాదు. జీపు దిగి ఒక బండ మీద కూర్చున్నాను. కళ్ళ ముందు సూర్యాపేట కుర్చీలో టచింగ్ అన్న కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. నేను మళ్ళీ ఎర్ర దీపం కింద. కన్నీళ్ళు వచ్చాయి, పౌడరు మీద చారలు కట్టాయి. బావ గబగబా అటు తిరిగి టైరులో గాలి చూడడం మొదలుపెట్టాడు, అది ఆయన మర్యాద. పెద్దాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎందుకు ఏడుస్తున్నానని అడగలేదు. ఆ మాటలు ఎందుకు అంటున్నానని అడిగాడు. నేను గోడ, తలుపు, కుక్క, ఏడాది సాధన, అంతా చెప్పాను. నోరు అనకపోతే వేలు రాదని కూడా చెప్పాను. ఆయన దాన్ని నవ్వులాటగా తీసుకోలేదు. వైద్యుడు రోగం విన్నట్టు తల ఊపుతూ విన్నాడు. లేచి కొంతదూరం పోయి, ఒక చెట్టు కింద వెతికి, ఎండిన కరక్కాయ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"రేపు ఇది బుగ్గన పెట్టుకో ఫోటో సారూ. నోటికి దాని పని దానికుంటది. ఏలు పని ఏలు సేసుకుంటది."

కరక్కాయ రుచి తెలియనివారికి ఒక మాట. బుగ్గన పెట్టుకున్న కాసేపటికి నోరు లోపలికి ముడుచుకుపోతుంది, నాలుక తోలు చెప్పులాగా అయిపోతుంది. అప్పుడు మనిషి 'రెడీ' కాదు కదా 'అమ్మా' అని కూడా అనలేడు.

మూడో రోజు తెల్లవారుతుండగా నేను స్నానం లేకుండా, నూనె లేకుండా, పెద్దాయన గొంగడి కప్పుకుని జీపు ఎక్కాను. అది ఇప్పపూలు రాలే కాలం. ఆయన మమ్మల్ని ఒక ఇప్పచెట్టుకు ఎదురుగా, గాలి మా వైపు వీచేటట్టు చూసి ఆపించాడు, ఇంజను బందు చేయించాడు. పులి జాడ కోసం ఊరికే తిరగడం ఆపి, ఒక్కచోట కూర్చుంటే అడవి దానంతట అదే వస్తుందన్నాడు. కిందికి చూసి, సేటు ఇచ్చిన బియ్యం సంచి ఒకటి తీసి, జంతువు కంటి ఎత్తుకు రావాలని నన్ను జీపు మెట్టు మీద కూర్చోబెట్టి, నా ముందు సంచి పెట్టి, దాని మీద లెన్సు పడుకోబెట్టాడు. సంచి కొంచెం కుంగి లెన్సును చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది. అప్పుడే ఆయన సంచి మీది బొమ్మ చూశాడు. "ఈ పిల్లి ఎందుకు?" అని అడిగాడు. నా నోట్లో కరక్కాయ ఉంది కాబట్టి మిర్యాలగూడ పరువు నిలబడింది.

గంటకు పైనే కూర్చున్నాం. కాళ్ళు తిమ్మిరెక్కాయి. బావ ఒక సకినం నోట్లో పెట్టుకుని, కొరకడానికి భయపడి, దాన్ని నానబెడుతున్నాడు. ఎండ చెట్ల మధ్యలోంచి ఏటవాలుగా దిగి, రాలిన ఇప్పపూల మీద పడ్డది. ఆ వెలుతురులోకి ఒక ఎలుగుబంటి వచ్చింది. తల్లి. వీపు మీద రెండు పిల్లలు, జీపు టాపు మీద ఎక్కిన ప్రయాణికుల్లాగా బొచ్చు గట్టిగా పట్టుకుని ఉన్నాయి. అది పూలు తింటున్నది. మేమెవరమో దానికి పట్టలేదు. ముందు పిల్ల తల్లి మెడ మీదినుంచి వంగి, తల్లి నోట్లోకి పోతున్న పువ్వు వంక ఆశగా చూసింది, తల్లి ఒక క్షణం తల కొంచెం ఎత్తింది. నా నోట్లో ఆ మూడు మాటలు లేచాయి, కరక్కాయకు తగిలి అక్కడే ఆగిపోయాయి. వేలు దిగింది. ఎవరూ చెప్పకుండా, ఎవరికీ చెప్పకుండా, నా వేలు మొదటిసారి తనంతట తాను దిగింది. రీలు అయిపోయింది. ఎలుగుబంటి ఇంకా పావుగంట అక్కడే తిన్నది, ఇక తీయడానికి ఏమీ లేదు కాబట్టి నేను ఊరికే చూశాను. మూడు రోజుల్లో నేను చూసింది ఆ పావుగంటే.

రంగు రీలు హైదరాబాదులో కడిగించి తెప్పించే సరికి పది రోజులు పట్టింది. ఉస్తాద్ బొమ్మలన్నీ బల్ల మీద పరిచాడు. టచింగ్ అన్న వెనక నిలబడ్డాడు. దుప్పుల వెనకభాగాలు, పంది వెనకభాగం, కణుజు వెనకభాగం, నెమలి తోక, పులి తోక. ఉస్తాద్ ఒక్కొక్కటీ తీసి చూసి పక్కన పెట్టాడు. "అందరూ పోతున్నోళ్ళే. వచ్చినోళ్ళు ఒక్కళ్ళు లేరు గదరా," అన్నాడు. టచింగ్ అన్న ఇవి దిద్దడం తన వల్ల కాదన్నాడు. అప్పుడు ఉస్తాద్ చేతికి చివరిది వచ్చింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. అంతసేపు ఆయన ఒకే బొమ్మను చూడడం నేను ఎన్నడూ చూడలేదు.

"ఈమెకు రెడీ అన్నవా?"

"అనలేదు ఉస్తాద్."

"ఎందుకనలే?"

"నోట్ల కరక్కాయ ఉండె."

విషయమంతా చెప్పించుకున్నాడు. నవ్వాడు, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత బొమ్మను వెలుతురులోకి తిప్పి, ముప్పై ఏళ్ళుగా తాను తీసిన ప్రతి మనిషీ తనను చూసి బిగుసుకున్నవాడేననీ, ఈ తల్లి ఒక్కతే తన పనిలో తాను ఉందనీ అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో అసూయ లేదు, అది నాకు ఇప్పటికీ గుర్తు. "సూర్యాపేటకు పోయేటప్పుడు ఓ శేరు కరక్కాయలు కొనుక్కపో," అన్నాడు. కుర్చీ నాది అయింది ఆ మాటతోనే. సేటు మాత్రం పులి అంటే ఎలుగుబంటిని తెచ్చానని పది రోజులు అలిగాడు. సంచుల మీద పిల్లి అట్లాగే ఉండిపోయింది, బియ్యమూ అట్లాగే అమ్ముడుపోయాయి. కాని వాళ్ళింటికి ఎప్పుడు పోయినా హాల్లో గోడ మీద ఎలుగుబంటి తల్లి, చందనం బొట్టుతో సహా, ఉండేది. సేటు భార్య పెట్టించిందట.

ఒక కాపీ బావ చేత పెద్దాయనకు పంపాను. ఆయన చూసి సంతోషపడ్డాడనీ, ఎడమ చెవి చిరిగి ఉంది కాబట్టి ఇది ఎగువ వాగు దగ్గరి తల్లి అనీ, ఆ రెండు పిల్లలూ బాగానే పెరుగుతున్నాయనీ చెప్పాడని బావ వచ్చి చెప్పాడు. నేను పరుగున పోయి నా కాపీ చూసుకున్నాను. నిజమే, ఎడమ చెవి చిరిగి ఉంది. ఆ బొమ్మను నేను అప్పటికి వందసార్లు చూసి ఉంటాను. ఫోటో తీసినవాణ్ణి నేను, చూసినవాడు ఆయన. మళ్ళీ ఆయన్ను కలుద్దామని అనుకుంటూనే ఏళ్ళు గడిపాను. వెళ్ళేసరికి ఆయన లేడు. ఆయన గొంగడి వాసన మాత్రం నాకు ఇప్పటికీ తెలుసు.

సూర్యాపేటలో ముప్పై ఎనిమిదేళ్ళు స్టూడియో నడిపాను. జేబులో ఎప్పుడూ ఒక కరక్కాయ. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకు ఉస్తాద్ మాటలే చెప్పేవాణ్ణి, అది తప్పదు. అవి అయ్యాక కరక్కాయ బుగ్గన పెట్టుకుని పందిట్లో తిరిగేవాణ్ణి. వంటశాల దగ్గర గరిటెతో రుచి చూస్తున్న మేనమామ, అప్పగింతలప్పుడు స్తంభం చాటున ముక్కు తుడుచుకుంటున్న తండ్రి, కాళ్ళు నొప్పిపుట్టి చెప్పులు చేతిలో పట్టుకున్న పెళ్ళికూతురు. మొదట్లో తిట్లు తిన్నాను. పెన్‌పహాడ్ నుంచి ఒకాయన ఆల్బం తెచ్చి నా బల్ల మీద వేసి, తాను ఏడుస్తుంటే ఎవరు తీయమన్నారని నిలదీశాడు. పదేళ్ళ తర్వాత ఆయన కొడుకు వచ్చి, ఇంట్లో నాయన ఫోటోల్లో నాయనలాగా ఉన్నది అదొక్కటేనని, పెద్దది చేసి ఇమ్మన్నాడు. నేను ఆరోజు డబ్బులు తీసుకోలేదు. ఆ ఫోటో కరక్కాయ తీసింది, నేను కాదు.

ఇక ఈ మధ్య సంగతి. వీడియోల పిల్లగాడి మీద నా కోపం చూసి మనుమరాలు, అంత తెలిసినవాడివి నువ్వే వచ్చి నేర్పు అని నల్లమల సఫారీకి టికెట్లు తీసింది. (అప్పుడు దాన్ని అడవికి పోవుడు అనేవాళ్ళం, ఇప్పుడు సఫారీ.) మట్టిరంగు చొక్కా వేసుకున్నాను. ఆ పిల్ల ఆన్‌లైనులో ఖాళీ సంచి తెప్పించి అందులో మా వంటింటి బియ్యమే పోసింది, నేను ఏమీ అనలేదు గాని చాలా అనుకున్నాను. జీపులో మాతోపాటు హైదరాబాదు దంపతులు, ముందు సీట్లో గైడు. దారి పొడుగునా నేను అందరికీ పాఠం చెప్పాను. వెలుతురు వీపు వెనక ఉండాలె, కంటికి కన్ను సమానంగా ఉండాలె, ఒక్కచోట ఓపిగ్గా కూర్చోవాలె, ఏది వచ్చినా చప్పుడు చేయొద్దు. ఎంత చప్పుడు చేస్తూ చెప్పానంటే గైడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. జేబులో కరక్కాయ ఉంది గాని పెట్టుడు పళ్ళు పెట్టించుకున్నాక అది బుగ్గన నిలవడం లేదు. పర్వాలేదనుకున్నాను. ఇన్నేళ్ళ సాధన ఉంది కదా.

మలుపు తిరగగానే పులి ఉంది. దారి పక్కన, అడ్డంగా పడుకుని, మాకు వీపు చూపిస్తూ. జీపు ఆగింది. మనుమరాలు వంగి, సంచి మీద కెమెరా పెట్టి, నేను చెప్పినట్టే అచ్చంగా ఎదురుచూస్తున్నది. ఐదు నిమిషాలు. పులి తల తిప్పలేదు. పది నిమిషాలు. అప్పుడు జరిగింది నాకు తెలియకుండా జరిగింది. నా చేతిలో కెమెరా కూడా లేదు. ఎక్కడో లోపలినుంచి, మిర్యాలగూడ పెళ్ళి పందిట్లోంచి, బ్యాండును మించిన గొంతు ఒకటి లేచింది.

"ఇటు సూడుర్రి... రెడీ!"

పులి తల తిప్పి, నిండుగా, నేరుగా, మా వైపు చూసింది. మనుమరాలి వేలు దిగింది. తర్వాత అది లేచి, వంద పెళ్ళిళ్ళు చూసిన పెద్దమనిషిలా, తొందరపడకుండా పొదల్లోకి పోయింది.

గైడు నా వైపు తిరిగాడు. "పెద్దాయనా, పొద్దటిసంది మాకు చెప్పిందేంది, మీరు చేసిందేంది?" అన్నాడు. ఆయన కోపం న్యాయమే, తప్పు నాదే, చేతులు జోడించాను. కాని నన్ను ఒకరు పెద్దాయనా అని పిలవడం, అదీ ఆ అడవిలో పిలవడం, నాకు ఒక్క క్షణం వేరే ఎవరినో పిలిచినట్టు అనిపించి వెనక్కి తిరిగి చూశాను.

ఫోటో ఎట్లా వచ్చిందని అడగకండి. చూసినవాళ్ళంతా ఆ కళ్ళు ఎట్లా పట్టావని మనుమరాలిని అడుగుతున్నారు. మా తాత పిలిస్తే చూసింది అని చెబుతున్నది, ఎవరూ నమ్మడం లేదు. పోయిన ఆదివారం ఆ ఫోటో తీసుకుని కోదాడ పోయాము. బావకు ఎనభై దగ్గరపడ్డాయి, చెవులు కొంచెం మందగించాయి, అక్క పక్కనుంచి గట్టిగా కథంతా చెప్పింది. బావ ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకుపోయి చాలాసేపు చూశాడు. తిరిగి వచ్చి నా మోకాలి మీద చెయ్యి వేశాడు.

"ఇన్నేళ్ళ నుంచి అరుస్తున్నావు బామ్మర్దీ. మొత్తానికి ఒకళ్ళు నీ మాట విన్నారయ్యా."

అక్క సకినాల పళ్ళెం తెచ్చి పెట్టింది. బావకూ నాకూ కొరికే పళ్ళు లేవు. చాయలో నానబెట్టుకుని, చప్పుడు లేకుండా తిన్నాము.